అమ్మమ్మ ముఖం, రెండోసారి: ఒక తైలవర్ణ చిత్రం డైరీ

ఇది రెండో ముఖం. 31 గంటలు కూర్చుని వేసిన మొదటిదాన్ని గీకి పారేశాను. ఎందుకో మూడో దశలో రాశాను, తొందరలో ఉన్నవాళ్లు నేరుగా అక్కడికి వెళ్లిపోవచ్చు. నాలాగే ఇంట్లో పెద్దవాళ్లను పాత యూరోపియన్ పద్ధతిలో ఆయిల్ రంగుల్లో వేద్దామనుకునేవాళ్లకు కనీసం ఆ 31 గంటలు మిగలాలని ఈ లెక్కలన్నీ.

నమూనాగా ఎదురుగా పెట్టుకున్న చిత్రాలు రెండు. ఒకటి బాల్తజార్ డెన్నర్ (1685–1749) అనే జర్మన్ చిత్రకారుడు వేసిన ముసలమ్మ తల. వియన్నాలోని కున్‌స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియంలో ఉంది. కొలత 37 × 31.5 సెంటీమీటర్లు, పరీక్ష అట్ట కంటే కాస్త వెడల్పు, అంతే. దాన్ని చక్రవర్తి ఆరో చార్లెస్ కొనుక్కున్నాడు. చర్మం మీది రంధ్రాన్ని కూడా వదలడని డెన్నర్‌కు ‘రంధ్రాల డెన్నర్’ అని పేరు పడింది. రెండోది డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1634లో వేసిన చిత్రం, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తెల్ల టోపీ, మెడ చుట్టూ మడతల తెల్ల పట్టీ ఉన్న వృద్ధురాలు. ఆవిడ వయసు 83 అని చిత్రం మీదే రాసి ఉంటుంది. అప్పటికి రెంబ్రాంట్‌కు ముప్ఫై నిండలేదు. మా అమ్మమ్మకూ 83 కాబట్టి ఈ బొమ్మ ఎంచుకున్నాను, అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

దశ 1: పలక

రెంబ్రాంట్ ఆ బొమ్మను ఓక్ చెక్క మీద వేశాడు. ఆ రోజుల్లో చెక్క మీద సుద్ద, జంతుచర్మపు జిగురు కలిపిన పూత పూసి, దాని మీద పల్చటి గోధుమరంగు నూనెపూత వేసేవారు. నేనూ అలాగే చేస్తానని పంతం పట్టాను. 40 × 50 సెంటీమీటర్ల ప్లైవుడ్ ముక్క, 9 మిల్లీమీటర్ల మందం.

పోయింది. జిగురు చిక్కగా కాచాను, ‘గట్టిగా పట్టుకుంటుంది’ అనుకుని. మూడో పూత ఆరాక ఎండిన చెరువు అడుగులా పగుళ్లు. పైపూతల్లో జిగురు బలం కింది పూతకంటే ఎక్కువైతే ఇదే జరుగుతుంది. అది చాలదన్నట్టు కాకినాడ వానాకాలం గాలికి మిగిలిన జిగురు నాలుగు రోజుల్లో కుళ్లిన వాసన కొట్టింది. ఇంట్లో రెండు రోజులు నన్ను ఎవరూ భోజనానికి పిలవలేదు.

రెండో పలక ఇలా చేశాను:

1. ప్లైవుడ్‌కు రెండు వైపులా, అంచులకూ సీలర్ పూశాను. ఒకవైపే పూస్తే తేమకు పలక వంగిపోతుంది.
2. డబ్బాలో దొరికే ఆక్రిలిక్ గెస్సో (రంగు వేసే ముందు పూసే తెల్ల పునాది పూత) నాలుగు పూతలు. ఒకటి అడ్డంగా, తర్వాతది నిలువుగా.
3. ప్రతి పూతకూ 220 నంబరు ఎమరీ పేపర్, చివరిదానికి 400.
4. పైన ముడి అంబర్ రంగు (గోధుమ మట్టిరంగు), కొద్దిగా తెలుపు, టర్పెంటైన్‌లో పల్చగా కలిపి గుడ్డతో రుద్దాను. తెల్లగా మిగిలిన పలక మీద ముఖం వేస్తే ప్రతి రంగూ నల్లగా కనిపించి మోసం చేస్తుంది.

లెక్క: 10 గంటలు (అందులో 6 వృథా). ఖర్చు ₹2,150.

దశ 2: వెలుతురు, కుర్చీ

ఉత్తరం కిటికీ కావాలి. ఎండ చాలావరకు నేరుగా పడదు కాబట్టి నీడలు గంటగంటకూ అంతగా జరగవు. మా వెనకగది కిటికీ 90 × 120 సెంటీమీటర్లు, నేల నుంచి 75 ఎత్తులో మొదలవుతుంది. ముందు అలాగే వదిలేశాను. కిటికీ కింది భాగంలోంచి, నేల మీంచి వచ్చిన వెలుతురు గడ్డం కింద పడి, ముఖంలో నీడన్నదే లేకుండా పోయింది. కిటికీ కింది 45 సెంటీమీటర్లకు నల్లగుడ్డ కట్టాక కంటిగుంట, బుగ్గఎముక, ముక్కు నీడ ఒక్కసారిగా తేలాయి.

కుర్చీ కిటికీకి 1.4 మీటర్ల దూరం. నాలుగు కాళ్ల చుట్టూ నేల మీద సుద్దతో గీశాను, పనిమనిషి రోజూ తుడిచేసేది, చివరికి టేపు అంటించాను. ఈజిల్‌ను (పలక నిలబెట్టే స్టాండు) అమ్మమ్మ పక్కనే, ఆమె తలకు సమానమైన ఎత్తులో పెట్టి, నేను 2.5 మీటర్లు వెనక్కి వచ్చి రెండింటినీ ఒకే చూపులో చూసేవాణ్ణి. ముందుకెళ్లి ఒక కుంచెవేటు, వెనక్కి వచ్చి చూపు. ఒక్కో సిట్టింగులో చాలా దూరమే నడిచానని ఫోన్ చెప్పింది.

సిట్టింగు 20 నిమిషాలు. అంతకు మించితే నిద్ర. నిద్రపోయినప్పుడు తల ఎడమకు ఒరిగి, కింది పెదవి జారి, ముఖమే మారిపోతుంది. మొదట్లో లేపేవాణ్ణి. తర్వాత ఆ టైమును చెవి, జుట్టు, చీర అంచు వేయడానికి వాడుకున్నాను.

లెక్క: 5 గంటలు, మొత్తం 15. నల్లగుడ్డ ₹240, మొత్తం ₹2,390.

దశ 3: గీకేసిన ముఖం

మొదటి ముఖం ఫోటో చూసి వేశాను. డెన్నర్ పద్ధతి అనుకుంటూ, ఫోన్ తెరను పెద్దది చేసి, నుదుటి నుంచి మొదలుపెట్టి ఒక్కో ముడతా దింపాను. లెక్కపెట్టాను కూడా: 64 గీతలు. డబుల్ జీరో నంబరు సన్నటి కుంచెలు రెండు అరిగాయి.

పూర్తయ్యాక అమ్మమ్మకు చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

“ఎవర్రా ఈవిడ? మా అత్తగారిలా ఉంది.”

“నువ్వే అమ్మమ్మా.”

“నేనా! ఆవిడ పోయి నలభై ఏళ్లయిందిరా. నా మీద ఏదో కోపం ఉన్నట్టు చూస్తోంది.”

కొలిచి చూసుకుంటే తప్పులు మూడు.

మొదటిది ఫోన్. చేయి చాపి అరమీటరు దూరం నుంచి తీశాను. అంత దగ్గరగా తీస్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కి పోతాయి. ముక్కు వెడల్పు అసలు కంటే దాదాపు 4 మిల్లీమీటర్లు ఎక్కువ వేశాను. 2.5 మీటర్లకు జరిగి, రెండింతలు జూమ్ చేసి తీసిన ఫోటోలో ఆ తేడా లేదు. దీనికి తోడు ఫోన్ తనంతట తానే అంచులకు పదును పెడుతుంది. చర్మం మీద ఉన్న మెత్తటి వంపు ఫోటోలో పగులులా వస్తుంది. నేను 31 గంటలు దింపింది ఫోన్ చేసిన పగుళ్లను.

రెండోది పరిమాణం. నుదుటి జుట్టు మొదలు నుంచి గడ్డం దాకా అమ్మమ్మ ముఖం 17.2 సెంటీమీటర్లు. నేను 19 వేశాను. అసలు కంటే పెద్ద ముఖం గోడ మీద భయపెడుతుంది, అందులోనూ పెద్దవాళ్ల ముఖం. రెండోసారి 15.5 పెట్టుకున్నాను, అంటే అసలులో 90 శాతం. కొంచెం వెనక కూర్చున్నట్టు సహజంగా ఉంది.

మూడోది గీతలే. 64 గీతలూ ఒకే మందం, ఒకే గోధుమరంగు, ఒకే పదును. అలాంటి గీతలు ఏ ముసలి ముఖం మీద వేసినా ఒక్కలాగే ఉంటాయి, అందుకే అత్తగారిలా కనిపించింది. డెన్నర్ బొమ్మను మళ్లీ తెరిచి చూస్తే అర్థమైంది: అతను రంధ్రాలు వేసింది బుగ్గ, నుదురు, దవడ వంపు తిరిగి నిలబడ్డాక. నేను గోడ కట్టకుండా సున్నం వేశాను.

ప్యాలెట్ కత్తితో, కాస్త టర్పెంటైన్‌తో గీకాను. గీకిన రంగు పొడిగా రాలకుండా తడిగా ఉండగానే తీయండి. ఆరిన రంగును ఎమరీతో రుద్దొద్దు, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకో జాగ్రత్త: అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నేను నీళ్లున్న మూత డబ్బాలో వేస్తాను.

లెక్క: 31 గంటలు, మొత్తం 46. రంగులు, కుంచెలు, నూనె ₹3,860, మొత్తం ₹6,250.

దశ 4: కింది పొర

ఇక్కడ చిన్న పక్కదారి. సుమారు 1400 నాటి ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని రంగులు గుడ్డు సొనలో కలిపే పద్ధతి రాస్తూ, పడుచు ముఖాలకు పట్నం కోడి గుడ్డు సొన వాడమంటాడు, అది తెల్లగా ఉంటుందట. ముసలివాళ్లకు, చామనఛాయ వాళ్లకు పల్లెకోడి సొన, అది ఎర్రగా ఉంటుంది కాబట్టి. ఇది చదివాక ఆగలేకపోయాను. నాటుకోడి గుడ్లు మూడు, ఫారం గుడ్లు మూడు తెచ్చి, ఒకే పసుపు ఓకర్‌ను (పసుపు మట్టిరంగు) రెండు సొనల్లో కలిపి చిన్న అట్టముక్క మీద పక్కపక్కన పూశాను. తడి మీద తేడా తెలిసింది. వారం కిటికీ దగ్గర ఉంచాక నేను పోల్చుకోలేకపోయాను. మిగిలిన గుడ్లు కూర అయ్యాయి, నాటువే రుచి.

కింది పొర చివరికి నూనె రంగుతోనే వేశాను:

1. కాల్చిన అంబర్ ఒక్కటే రంగు, టర్పెంటైన్‌లో పల్చగా. నూనె చుక్క కూడా కలపలేదు.
2. ముందు పుర్రె: నుదుటి ముందుభాగం, కణత గుంట, బుగ్గఎముక, దవడ. కళ్లు కూడా పెట్టలేదు.
3. వెలుగు పడే చోట గుడ్డతో తుడిచేశాను. పలక మీది గోధుమరంగే మధ్యఛాయ అయింది.
4. రెండు రోజులు ఆరబెట్టాను. అంబర్‌లో ఉండే మాంగనీసు వల్ల అది తొందరగా ఆరుతుంది.

ఇటలీ పద్ధతిలో ముఖం కింద ఆకుపచ్చ మట్టిరంగు పూస్తారు కదా అని ఒక చిన్న ముక్క మీద చేసి చూశాను. పాలిపోయిన తెల్లచర్మానికి అది బాగుంటుందేమో. అమ్మమ్మ రంగుకు కామెర్లు వచ్చినట్టు కనిపించింది. మనవాళ్ల చర్మానికి గోధుమరంగు పలకే సగం పని చేసిపెడుతుంది.

లెక్క: 9 గంటలు, మొత్తం 55. గుడ్లు ₹60, మొత్తం ₹6,310.

దశ 5: చర్మం

మొదటి వారం మొత్తం సుద్దముక్కలా వచ్చింది. తప్పు తెలుపుది. పాత చిత్రకారులు వాడింది సీసం తెలుపు. అది విషం, ఇంట్లో పిల్లలుండగా నేను వాడను. దాని బదులు టైటానియం తెలుపు వాడాను. అది చాలా బలమైనది, చల్లనిది (నీలివైపు మొగ్గుతుంది), చిటికెడు పడితే చాలు ప్యాలెట్ మీది రంగులన్నీ పాలిపోతాయి. జింక్ తెలుపు మెత్తగా కలుస్తుంది గానీ ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది. చివరికి టైటానియంలోనే ముందుగా కొంచెం పసుపు ఓకర్ కలిపి ‘వెచ్చని తెలుపు’ కుప్ప ఒకటి చేసుకుని, అసలు ట్యూబు మూత పెట్టేశాను.

అమ్మమ్మ చర్మానికి కుదిరిన పాళ్లు, కత్తి మొనతో కొలిచినవి:

వెలుగు: పసుపు ఓకర్ 4, కాల్చిన సియన్నా (ఎర్రటి గోధుమ మట్టిరంగు) 2, వెచ్చని తెలుపు 2, ఎరుపు గోరంత.
మధ్యఛాయ: ఓకర్ 3, ఐవరీ నలుపు 1, సియన్నా 2. ఓకర్, నలుపు కలిస్తే ఆలివ్ పచ్చ వస్తుంది. దవడ పక్కన, కణత దగ్గర అదే కావాలి.
నీడ: కాల్చిన అంబర్ 3, అల్ట్రామెరిన్ నీలం 1, అలిజరిన్ ఎరుపు అర.
నుదుటి మెరుపు: వెచ్చని తెలుపులో నీలం చుక్క. ఉత్తరాకాశం నూనె రాసిన నుదుటి మీద నీలంగానే మెరుస్తుంది. ఇది నమ్మడానికి నాకు నాలుగు సిట్టింగులు పట్టాయి.

రెంబ్రాంట్ బొమ్మను పెద్దది చేసి చూస్తే గులాబీ, పసుపు, గోధుమ వేట్లు చిన్నచిన్నవి చిక్కగా పక్కపక్కన పడి ఉంటాయి, నున్నగా రుద్దేసినవి కావు. చూసే కన్నే వాటిని కలుపుకుంటుంది. నేనూ మెత్తటి కుంచె పక్కన పెట్టి, గట్టి పంది వెంట్రుకల కుంచె 4, 6 నంబర్లు తీసుకున్నాను. రెండు రోజుల్లోనే ముఖానికి ప్రాణం వచ్చింది.

ఇక ముడత. ఇప్పుడు నేను వేసే తీరు ఇది:

1. ముడత లేకుండా ఆ భాగం పూర్తి చేయాలి.
2. లోతైన మడతలో నలుపు పెట్టకూడదు. చర్మంలోంచి వెలుతురు చొచ్చుకొచ్చి ఆ లోయ ఎర్రగా, వెచ్చగా ఉంటుంది. నీడరంగులో కాస్త సియన్నా కలిపాను.
3. ఒక అంచు పదునుగా ఉంచి, రెండో అంచును పొడి కుంచెతో లాగేయాలి.
4. వెలుగువైపు తిరిగిన గట్టు మీద సన్నటి వెలుగు వేటు. ఇది లేకపోతే ముడత గాటులా ఉంటుంది.
5. ప్రతి ముడతనూ కనీసం రెండు చోట్ల తెంపాలి. బాగా వెలుగున్న చోట అది కనిపించకుండా పోతుంది.

ఈసారి మొత్తం ముడతలు 11. చూసినవాళ్లు మొదటిదాని కంటే ఇందులోనే ఎక్కువున్నాయంటున్నారు.

లెక్క: 22 గంటలు, మొత్తం 77. కొత్త ట్యూబులు ₹940, మొత్తం ₹7,250.

దశ 6: నోరు, కళ్లు

నోరు మూడుసార్లు తుడిచాను. పొద్దున వేసింది మర్నాడు సరిపోదు. గడ్డం పైకి పోతుంది, పెదవులు లోపలికి పోతాయి. నా చూపులోనే తేడా ఉందనుకుని కొలకర్ర మార్చాను, కుర్చీ టేపు మళ్లీ చూశాను. నాలుగో రోజు అనుమానం వచ్చి స్కేలు పెట్టాను. ముక్కు కింద నుంచి గడ్డం చివరకు సోమవారం 6.3 సెంటీమీటర్లు, మంగళవారం 5.1.

“అమ్మమ్మా, పళ్లు పెట్టుకున్నావా ఇవాళ?”

“చిగుళ్లు నొప్పిగా ఉన్నాయిరా, గిన్నెలో పెట్టేశాను.”

12 మిల్లీమీటర్లు! కట్టుడుపళ్లు తీస్తే దవడ అంత పైకి వస్తుంది, బుగ్గలు లోపలికి పోతాయి, ముక్కు నుంచి దిగే మడత కోణమే మారుతుంది. బోసినోరే అందంగా ఉందనిపించింది నాకు. “బొమ్మకు కూర్చుంటే పళ్లు లేకుండా ఏంట్రా, నలుగురూ చూసేది” అని ఆమె తీర్పు. అప్పటి నుంచి నోరు వేసేది పళ్లున్న రోజుల్లోనే. పెద్దవాళ్లను వేసేవాళ్లు మొదటి రోజే ఈ సంగతి అడిగి రాసుకోండి. పాఠాల్లో ఎవరూ చెప్పరు.

కళ్లకు ఇంత గొడవ కాలేదు. నల్లగుడ్డు అంచు చుట్టూ వయసు తెచ్చే బూడిద నీలి వలయాన్ని నలుపు, తెలుపు, ఓకర్ కలిపి మెత్తగా వేశాను. మొదట దాన్ని వదిలేస్తే ముఖంలో పాతికేళ్ల పిల్ల కళ్లు కనిపించాయి. కింది రెప్ప కాస్త బయటికి వాలి, లోపలి ఎర్రటి తడి అంచు కనిపిస్తుంది. అక్కడ గులాబీ, దాని మీద ఒక్క తెల్లచుక్క. కంటి తెల్లగుడ్డులో తెలుపు వాడలేదు, మధ్యఛాయలో కొంచెం నీలం చాలు.

లెక్క: 14 గంటలు, మొత్తం 91. రెండు కుంచెలు ₹420, మొత్తం ₹7,670.

దశ 7: అడగకుండా పడ్డ ముడతలు

చీర నేరేడుపండు రంగు. లోతు రావాలని ఐవరీ నలుపులో అవిసె నూనె ధారాళంగా పోసి చిక్కగా పట్టించాను. ఆరో రోజు చూస్తే భుజం దగ్గర పాలమీగడలా పై పొర ముడుచుకుపోయి ఉంది. పైన తోలు కట్టి లోపల ఆరకపోతే, నూనె ఎక్కువైతే ఇలా అవుతుంది. ఐవరీ నలుపు మామూలుగానే నెమ్మది, పైగా వానాకాలం. ముఖం మీద ముడత తేవడానికి నేను పడ్డ పాట్లు చూస్తే, చీర దానంతట అదే తెచ్చేసుకుంది.

గీకి, వారం ఆగి, అంబర్, అల్ట్రామెరిన్, అలిజరిన్ కలిపి మూడు పల్చటి పొరలుగా మళ్లీ వేశాను. కింది పొరలో నూనె లేదు, రెండోదానిలో కొద్దిగా, పైదానిలో ఇంకాస్త. మూడు రోజులకొకటి. జుట్టు పక్కన నీడలో కొన్ని చోట్ల రంగు పీల్చుకుపోయి పొడిబారింది. అక్కడ నూనె వేలితో రుద్ది, గుడ్డతో మొత్తం తుడిచేశాక మళ్లీ లోతు కనిపించింది.

లెక్క: 8 గంటలు, మొత్తం 99. ఖర్చు అదే, ₹7,670. ఆమె కూర్చున్నది 38 సిట్టింగులు. వార్నిష్ ఆరు నెలలు ఆగాకే.

చివరి సిట్టింగు

బొమ్మలో నాకు నచ్చిన చోటు ఎడమ చెవి. కూర్చున్నప్పుడు బరువని దుద్దులు తీసేసేది. డెబ్భై ఏళ్లు బంగారం మోసిన తమ్మె రంధ్రం సాగి నిలువు చీలికలా ఉంది. ఆమె కునుకు తీస్తుండగా నాలుగే వేట్లలో వేశాను, ఒక్కటీ దిద్దలేదు.

నిన్న చూపించాను. ఈసారి అత్తగారనలేదు. దగ్గరికి వంగి చూసింది.

“బాగానే ఉన్నాను. దుద్దు ఏదిరా?”

“తీసేసి కూర్చున్నావుగా అమ్మమ్మా.”

“బోసిచెవితో గోడెక్కిస్తావా నన్ను?”

ఓకర్, వెచ్చని తెలుపు, అంచుకు సియన్నా. దుద్దు వేశాను, 40 నిమిషాలు పట్టింది. తమ్మె ఫోటో ఫోన్‌లో ఉంది.